వెర్నా చెప్పిన దారి

కొత్త సైకిల్లో ఎమ్మెట్‌కి మొదట నచ్చనిది, అది చప్పుడు చేయకపోవడం. పాతది ఎత్తు ఎక్కుతుంటే మూలిగేది, పల్లం దిగుతుంటే చైను గలగలలాడేది. పదిహేడేళ్ళు దాని వెనక సీటు మీద కూర్చుని తొక్కాడు. ముందు సీటు భార్య వెర్నాది. చక్కెర జబ్బుతో అతని చూపు పూర్తిగా పోయిన ఏడాది, ఇంట్లో మూల కూర్చుంటే ఒప్పుకోనని, ఇద్దరు తొక్కే ఆ ఆకుపచ్చ సైకిలుని ఆవిడే ఎక్కడో వెతికి పట్టుకొచ్చింది.

మార్చిలో వెర్నా పోయింది. వంటింట్లో కాఫీ పోస్తూ పడిపోయిన మనిషి మళ్ళీ లేవలేదు.

జూన్‌లో కర్టిస్ వచ్చి, ముందు సీటు మీద తను కూర్చుంటానన్నాడు. ఎమ్మెట్ హైస్కూల్లో వడ్రంగం నేర్పే రోజుల్లో అతని దగ్గర చదువుకున్నవాడు. స్కూలు బస్సు నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. ఆరున్నర అడుగుల మనిషి. వెర్నాకి సరిపోయిన సైకిలు ఎక్కితే మోకాళ్ళు హ్యాండిలుకి తగిలాయి. దాంతో కూతురు డోరీన్ పాతదాన్ని పక్క ఊళ్ళో ఒక పొట్టి జంటకు ఇచ్చేసి, కొత్తది తెప్పించింది.

కొత్తదానికి వంక పెట్టడానికి లేదు. ఒంటిచేత్తో ఎత్తచ్చు. వేలితో తాకితే గేరు మారుతుంది. కాని పాతదాని మీద సరస్సు గాలి వెర్నా తల మీదుగా వచ్చి సూటిగా అతని మొహానికి కొట్టేది. ఇప్పుడు కర్టిస్ వీపు గోడలా అడ్డం. పాతదాని హ్యాండిలు పట్టుకుంటే వేళ్ళ కణుపులు ఆవిడ నడుముకి ఆనేవి. ఆవిడ నవ్వుతోందో లేదో వాటితోనే తెలుసుకునేవాడు.

పైగా కర్టిస్ మాటల మనిషి కాదు. "గుంట." "కుడికి." అంతే. ఏదైనా చెప్పరా బాబూ అంటే, వడ్రంగంలో తనకి నలభై రెండు మార్కులే వేశారని గుర్తు చేసేవాడు. వెర్నా అయితే ఎక్కింది మొదలు దిగేదాకా చెబుతూనే ఉండేది. ఎవరింటి గోడకి రంగు వేశారో, సరస్సు ఇవాళ ఏ రంగులో ఉందో, చెర్రీ తోట పూతకొచ్చిందో, కాయకొచ్చిందో.

జూలైలో ఒక మంగళవారం, ఎత్తు ఎక్కి మలుపు తిరిగాక ఎమ్మెట్ అడిగాడు.

"కాయ ఎర్రబడిందా?"

"ఏ కాయ, మాస్టారూ?"

"ఎడమ పక్క తోట. చెర్రీలు."

కర్టిస్ తొక్కడం ఆపాడు. సైకిలు దానంతటదే కొంతదూరం పోయి నిలబడింది.

"ఇక్కడ ఇళ్ళు, మాస్టారూ. తోట కొట్టేసి ఎనిమిదేళ్ళు దాటింది."

"నువ్వు మలుపు తప్పావు."

"ఇదే రోడ్డులో ఇరవయ్యేళ్ళు బస్సు నడిపాను. ఎలా తప్పుతాను?"

ఎమ్మెట్ కాలు నేలకి ఆనించి నిలబడ్డాడు. ఎక్కడో గడ్డి కోసే మిషను మోగుతోంది. ఆ మోత అతనికి కొత్త కాదు. ఏమిటని అడిగినప్పుడల్లా, చెట్ల వరసల మధ్య గడ్డి కోస్తున్నారని వెర్నా చెప్పేది. పూత వాసన రాలేదేమంటే, గాలి అటు పక్కకి తిరిగిందనేది. ఆ తోటలోనే, కాయ కోతకి వెళ్ళిన వేసవిలో, ఒకే నిచ్చెన కోసం తగువులాడి ఇద్దరూ పరిచయమయ్యారు. చెట్లు నరికిన రోజున ఆ మాట అతనికి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదేమో. ఆ తర్వాత ఎనిమిది వసంతాలు లేని చెట్లకి పూత పూయించింది.

కిందటి అక్టోబరులో, తోటలో ఆకులు పసుపెక్కాయని వెర్నా మొదలుపెట్టగానే, ఏటా అదే పాటా అని అతను విసుక్కున్నాడు. ఆవిడ ఇంటిదాకా మళ్ళీ మాట్లాడలేదు. అలిగిందనుకున్నాడు. ఇంటికెళ్ళాక సూపు వేడి చేసి ఇచ్చింది, మామూలుగానే ఉంది. అతనూ మర్చిపోయాడు.

"పోయినేడు కూడా పూతకొచ్చిందని చెప్పింది వెర్నా," అన్నాడు ఎమ్మెట్.

"నాకు తెలిస్తే అనేవాణ్ణి కాదు మాస్టారూ," అన్నాడు కర్టిస్. "వెర్నా గారు మీకు తోట ఉందనే చెప్పారని... నాకు తెలీదు."

"నీ తప్పేం లేదు. ఏముందో చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కర్టిస్ మళ్ళీ పెడల్ మీద కాలు వేశాడు. నెమ్మదిగా తొక్కుతూ చెప్పసాగాడు. బూడిద రంగు ఇల్లు. దాని పక్కన ఇంకో బూడిద రంగు ఇల్లు. గుడ్డ కప్పిన పడవ. ఎండిపోయిన పూలకుండీ. ఎవరో పిల్ల గేటు పట్టుకుని ఊగుతోంది. చెప్పడం చేతకాని మనిషి, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. వెనక పెడల్ మీద ఎమ్మెట్ కాళ్ళ బరువు తెలుస్తూనే ఉంది.

ఇళ్ళ వరస అయిపోయాక, ఇక ఏమీ లేదు, రోడ్డే, అన్నాడు.

పై మంగళవారం కర్టిస్ ఫోన్ చేస్తే, ఒంట్లో బాగోలేదన్నాడు ఎమ్మెట్. ఆ తర్వాతి వారం బయల్దేరాడు. సరస్సు పక్క దారిన పోదామా, అటు గాలి బాగుంటుందని కర్టిస్ అడిగాడు. వద్దని, ఎప్పుడూ పోయే దారినే పోనిమ్మన్నాడు ఎమ్మెట్. ఎత్తు ఎక్కాక ఏమీ అడగలేదు. మలుపు దగ్గర తల మాత్రం ఎడమకి తిప్పి, ఆ ఇళ్ళు దాటేదాకా అలాగే ఉంచాడు.