రింగు గట్టిదనం

“గదేం బరువు? అమ్మ ఒంట్ల ఎముకలు తప్ప ఇంకేమున్నయ్?” అనేవాడు పాండు, భార్య మాధవీలత అత్తను మంచం మీంచి లేపినప్పుడల్లా.

అన్నాడే గాని ఒక్కనాడూ చెయ్యి వెయ్యలేదు. అత్త సక్కుబాయికి పక్షవాతం వచ్చి రెండేళ్ళు. చంకల కింద చేతులు వేసి ఆమెను బాత్రూముకు, కుర్చీలోకి, మళ్ళీ మంచం మీదికి ఎత్తి దించడం, పక్కబట్టలు మార్చడం, జావ పట్టడం, మధ్యాహ్నం ఓసారి చూడమని పక్కింటి కొండమ్మకు అప్పజెప్పి పాల్మాకులలో బస్సెక్కి కొత్తూరు ఫ్యాక్టరీకి పరుగెత్తడం, ఇదంతా మాధవీలత పని. పాండుది ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. “పొద్దంతా పెట్టెలు మోసి వస్తున్న. ఇంట్ల గూడ మొయ్యాల్నా? నువ్వు ఏసీల మిషన్ ముంగట కూసునేదే గద” అనేవాడు.

పోయిన ఎండాకాలం ఆమెకు గర్భసంచి జారింది. దవాఖానలో డాక్టరమ్మ అది మళ్ళీ జారకుండా లోపల సిలికాన్ రింగు పెట్టి, “బరువులెత్తకు. ఎత్తితే ఒరుసుకుని పుండయితది” అంది. పాండుకు చెబితే టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, “ఆడోళ్ళకు ఏదో ఒకటి ఉంటనే ఉంటది” అన్నాడు. బస్సులో నిలబడితే ఒళ్ళంతా కాళ్ళ మధ్య నుంచి జారిపోతున్నట్టుండేది. ఇరవై తొమ్మిదేళ్ళకే ఇట్లయితే ఇంకా ఎన్నేళ్ళు మొయ్యాలి? ఎవరికి చెప్పుకోవాలి, ఏ మాటతో చెప్పుకోవాలి? ఆ భాగానికి తిట్లలో తప్ప పేరే లేదాయె.

ఆ సోమవారం పొద్దున అత్తను ఎత్తుతుంటే తన నైటీకి నెత్తురంటింది. సక్కుబాయి చూసింది. వంకరపోయిన నోటితో మెల్లగా అంది, “నాకు గూడ జారింది, పాండు పుట్టినంక. గుడ్డ కట్టుకుని నాట్లేసిన. ముప్పై ఏండ్లు. ఎవ్వలికి చెప్పలే బిడ్డా.”

రెండేళ్ళుగా ఆ ఒంటిని కడుగుతున్న మాధవీలతకు ఆ సంగతి తెలుసు. అడిగే ధైర్యం ఏనాడూ చెయ్యలేదు. అత్తను పడుకోబెట్టి, లేవడం చేతగాక మంచం కోడు పట్టుకుని నేల మీదే కాసేపు కూర్చుంది. తర్వాత బట్టలు మార్చుకుని బస్సెక్కింది.

ఒంట్లో పెట్టే వస్తువులను నొక్కి, లాగి, వంచి పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఆ రోజు బల్ల మీదికి వచ్చినవి అవే రింగులు. మడిచి వదిలితే మళ్ళీ గుండ్రంగా రావాలి. సూది మీటరు ఒత్తితే గట్టిదనం యాభై దాటకూడదు. ఈ సరుకు అరవై ఒకటి చూపించింది. మడవబోతే వేళ్ళకే ఎదురు తిరిగింది.

మేనేజర్ వరప్రసాద్ వచ్చి వెనక నిలబడ్డాడు. “మాధవీలత గారూ, సరుకు రేపే వెళ్ళాలి. ఇంకో నాలుగు చోట్ల పెట్టి చూడండి. ఎక్కడో ఒకచోట యాభై వస్తుంది. అదే రాయండి.”

“అన్ని చోట్ల పెట్టి చూసిన సార్.”

“పదకొండు పాయింట్లేగా. ఆడవాళ్ళు ఆమాత్రం ఓర్చుకుంటారండీ.”

ఈ జీతం పోతే ఇంట్లో తన మాటకు ఇప్పుడున్న విలువ కూడా ఉండదని మాధవీలతకు తెలుసు. పెన్ను బల్ల మీద పెట్టింది.

“ఓర్చుకుంటలేం సార్. నా ఒంట్ల ఉంది. మెత్తటిదే. అయినా ఈ పొద్దున నెత్తురొచ్చింది.”

వరప్రసాద్ చూపు దించుకున్నాడు. “ఇవన్నీ నాకెందుకు చెప్తారండీ” అని గొణిగాడు. ఆమె పెన్ను తీసుకుని అరవై ఒకటి అని వేసి, ‘పనికిరాదు’ అని రాసి సంతకం పెట్టింది. కాగితం అందుకుంటూ అతనన్నాడు, “మీ కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది కదూ.”

సాయంత్రం పాండు చెప్పులు విడుస్తూనే, “అమ్మ పక్క తడిసినట్టుంది, జర లేపు” అన్నాడు.

మాధవీలత గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. “రేపు పొద్దుగాల దవాఖానకు ఆటో మాట్లాడిన. నువ్వు సెలవు పెట్టు. అత్తకూ నాకూ గర్భసంచి చూపియ్యాలె.”

“అమ్మకేంది?” అన్నాడు పాండు.

“ఉన్నది బిడ్డా. నువ్వు పుట్టినప్పటిసంది” అంది సక్కుబాయి.

పాండు మంచం మీదికి వంగాడు. తల్లిని ఎక్కడ పట్టుకుని లేపాలో అతనికి తెలియలేదు. మాధవీలత చెప్పింది. కూర్చున్న చోటు నుంచి మాత్రం లేవలేదు.