చెయ్యి పెట్టి చెప్పు సేట్

వేళ్లు పోయాయి మొర్రో అంటే, ఊరికి వెళ్లు అన్నాడు జయంతిభాయ్ సేట్. అంతేకాదు, రైలు టికెట్ కూడా తానే కొనిచ్చాడు. పోవడానికి మాత్రమే, రావడానికి కాదు.

పోయినవి నర్సింగం కుడిచేతి వేళ్లు, రెండు. పోయింది సూరత్‌లో, ఉధనా వైపు సేట్ గారి షెడ్డులో. అక్కడ కరెంటు మగ్గాన్ని సాంచె అంటారు. దాన్ని తిప్పే బెల్టు పట్టా మీద ఇనప జాలీ ఉండాలి. రిపేరుకని ఎప్పుడో విప్పారు, మళ్లీ బిగించలేదు. సాంచెకు జాలీ లేదు, సేట్‌కు జాలి లేదు. మధ్యలో నర్సింగం చెయ్యి.

పనిలో చెయ్యి పోతే పరిహారం ఇవ్వాలని చట్టం. అందుకని సేట్, అది పనిలో పోనే లేదన్నాడు. ఇంటి దగ్గర మోటర్‌సైకిల్ చైన్‌లో వేళ్లు పెట్టుకున్నాడట! నర్సింగానికి మోటర్‌సైకిల్ లేదంటే, "పక్కింటోళ్లది" అన్నాడు. ఏళ్ల తరబడి మనవాళ్లతో వేగి సేట్‌కు తెలుగు వంటబట్టింది, మనవాళ్ల బాధే వంటబట్టలేదు.

నర్సింగం సంచీ సర్దబోయాడు. సారక్క లాగేసింది. పేరులోనే అక్క, వరసకు భార్య.

"ఏంది, పోతవా? నువ్వు రైలెక్కినవంటే నీ కేసు గంగల గలుస్తది. నడువ్, లేబర్ ఆఫీసుకు!"

అలా ఓ పొద్దున, తెలుగు అర్థమయ్యే లేబర్ ఆఫీసు మేడమ్ షెడ్డుకొచ్చింది. నర్సింగం పక్క సాంచె రఘుపతిది. వేళ్లు పోవడం చూశావా అని అతన్ని అడిగింది.

"నాకేం తెల్వది మేడమ్," అన్నాడు రఘుపతి, కళ్లు బట్ట మీదనుంచి ఎత్తకుండా.

నాలుగు సాంచెల అవతల పోగు తెగినా పసిగట్టే మనిషికి, పక్కవాడి వేళ్లు తెగడం కనపడలేదు! సేట్ కళ్లు తన మీదే ఉన్నాయి మరి. మిగతావాళ్లదీ అదే పాట. మేడమ్ పెన్ను మూయబోయింది.

"ఇగ పోదాం పావే," నర్సింగం గొణిగాడు.

"జర ఆగు!" సారక్క సేట్ ముందుకెళ్లింది. "సేట్, సరుకు మాయమైనప్పుడు మావోళ్లందరితోని సాంచె మీద చెయ్యివెట్టిచ్చి ఒట్టేపిచ్చినవ్ గదా? గియ్యాల నువ్వెయ్యి. మేడమ్ జూస్తది."

ఆ షెడ్డులో అదే కోర్టు. అన్నం పెట్టే సాంచె మీద ఎవడూ అబద్ధమాడడు. అదీ నడిచే సాంచె మీదే ఒట్టెయ్యాలి. ఆగిన సాంచె నిద్రపోతుంటుంది, దానికి వినపడదు. ఈ రూలు పెట్టిందీ సేటే.

"ఇంతేనా?" సేట్ నవ్వి దగ్గరున్న సాంచె వైపు నడిచాడు.

"గది గాదు! మా ఆయన సాంచె. మా ఆయన చెయ్యి ఏడున్నదో, గాడనే వెట్టు."

నర్సింగం సాంచె కొత్తవాడి చేతిలో ధనాధన్ ఆడుతోంది. సేట్ ఉంగరాల చెయ్యి చాపాడు. పట్టా గాలి వేళ్లకు తగిలింది. చెయ్యి తాబేలు తలలా లోపలికి పోయింది.

"బంద్ కరో! పహలే సాంచా బంద్ కరో!"

"క్యోం సేట్‌జీ?" మేడమ్ అడిగింది. "ఖతరా హై క్యా?"

"జాలీ నహీఁ హై మేడమ్! మేరా హాథ్ చలా జాయేగా!"

సాంచె ఆపండి, ప్రమాదం, జాలీ లేదు, చెయ్యి పోతుందని సేట్ నోటే వచ్చేసింది! ప్రమాణానికి వెళ్లిన చెయ్యి ప్రమాదాన్ని ఒప్పుకుని తిరిగొచ్చింది. మేడమ్ పెన్ను మళ్లీ తెరుచుకుంది.

ఎవడో కిసుక్కుమన్నాడు. రఘుపతి తన సాంచె ఆపాడు. వెనకాల ఇంకొకటి ఆగింది, ఇంకొకటి, చివరికి షెడ్డంతా. పగటిపూట ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. అయినా సాంచెల మధ్య బతికినవాడు కదా, రఘుపతి అలవాటు కొద్దీ గొంతు చించుకునే అరిచాడు:

"నేను జూసిన మేడమ్! నా కండ్ల ముంగటే పోయినయ్! జాలీ వెట్టుమని మేమందరం అడిగినం!"

వీధి చివర చాయ్ బండి దగ్గరున్నవాళ్లు కూడా సాక్షులైపోయారు.