నడిమి చుక్క

ఉషారాణి మార్కాపురానికి కాపురానికి వచ్చినప్పుడు చేతిలో ఉన్నవి రెండు. డిగ్రీ పట్టా ఒకటి, ఎవరినైనా ఒప్పించే మెత్తని మాట ఒకటి. పట్టా బీరువాలోకి పోయింది. మాటను ఇంటిల్లిపాదీ వాడుకున్నారు.

వాళ్లది పలకరాయి వ్యాపారం. భర్త ఫణికృష్ణ దుకాణం చూస్తాడు, మరిది శివకృష్ణ క్వారీ చూస్తాడు. అన్నదమ్ములకు ఏదో మాట పట్టింపు వచ్చి మూడేళ్లుగా మాటల్లేవు. "రేపు లారీ నింపమని వాడికి చెప్పు" అని ఈయన. "రాయి ఇంకా కొయ్యలేదని అన్నతో అను వదినా" అని ఆయన. క్వారీ మేస్త్రీ దేవరాజు ఎవరికి చెబితే ఎవరికి కోపమోనని ఆమెకే ఫోన్ చేస్తాడు. దుకాణంలో ఎత్తకపోతే బేరగాళ్లూ ఆమెకే. పెనం మీద దోసె మాడుతుంటే, మోటు మాటల్ని మెత్తబరిచి అవతలికి అందిస్తుంది.

గిద్దలూరులో రెండో దుకాణానికి అన్నదమ్ముల పేర్లతో భాగస్వామ్య పత్రం రాయిస్తున్నారని తెలిసి, తన పేరూ పెట్టమంది.

"నువ్వేం చేస్తావని? ఇంట్లో కూచోని ఫోన్లు ఎత్తడమేగా" అన్నాడు ఫణికృష్ణ.

కూతురు వర్షిణి ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం, వ్యాపారంలో ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో నెలరోజులు రాసుకుంది. మనిషికో చుక్క, మాట నడిచే చోట గీత. భోజనాల దగ్గర ఆ బొమ్మ చూపించింది.

"నా చుక్కకే గీతలెక్కువ" అని మురిసిపోయినాడు ఫణికృష్ణ.

"గీతలు లెక్కబెడితే నువ్వే నాయనా. ఇంకో కొలత ఉంది. చుక్క చెరిపేసి బొమ్మ నిలుస్తుందా అని చూడాల." తండ్రి చుక్క చెరిపింది. బేరగాళ్ల మాట అమ్మ మీదుగా క్వారీకి చేరుతూనే ఉంది. తల్లి చుక్క చెరిపింది. దుకాణం ఒక ముక్క, క్వారీ ఒక ముక్క.

"చదువుకున్నోళ్ల తమాషాలు" అని ఫణికృష్ణ చెయ్యి కడుక్కున్నాడు.

ఉషారాణి గిన్నెలు తీస్తూ ఆలోచించింది. అందరూ తన మీదుగా నడిచిపోతున్నారు. వంతెనకు ఎవరు వాటా ఇస్తారు? అయితే వంతెనకు పక్కకు జరగడం చేతకాదు. తను జరగగలదు.

మర్నాడు మరిది ఫోన్ చేస్తే "మీ అన్ననే అడుగు శివా" అంది. భర్తతో "నీ తమ్ముణ్ణే అడుగు" అంది. మొదటిరోజు ఇద్దరూ నవ్వుకున్నారు. రెండోరోజు లారీ ఖాళీగా పోయి ఖాళీగా వచ్చింది. మూడోరోజు ఒకే రాయిని ఇద్దరూ చెరొక బేరగాడికి ఒప్పుకున్నారు. నాలుగోరోజు పొద్దున్నే శివకృష్ణ ఇంటికొచ్చినాడు.

"ఏంది వదినా, అలిగినావా?"

"అలగలేదు. పత్రంలో నా పేరూ పెట్టమంటే, నాకేం పని లేదని మీ అన్నే అన్నాడు. ఊరికే కూచున్నా."

శివకృష్ణ మూడేళ్ల తర్వాత, గుమ్మంలో నిలబడ్డ అన్న మొహం చూసినాడు. "అన్నా, వదిన పేరు రాపియ్యి. ఇట్లయితే ఉన్న దుకాణమే మూతబడుతుంది."

ఫణికృష్ణ దిగొచ్చినాడు. "సరే, రాపిస్తా. ఫోన్లు మాత్రం..."

"అవి మీరూ మీరూ చేసుకోండి. గిద్దలూరు దుకాణంలో నేను కూచుంటా."

ఇప్పుడు అన్నదమ్ములు రోజూ నేరుగా పోట్లాడుకుంటారు. అది వాళ్ల వ్యవహారం. ఆమెకు మిగిలింది మూడో వంతు వాటా, పొద్దున గిద్దలూరు రైలు, ఇంకొకరి మాట మోయక్కర్లేని నోరు.