ఉత్తరం కింద అమ్మ

ఆ కార్ఖానాలో ఉండేది ముగ్గురే. కొడుకు యజమాని. కత్తెర బాబాయి తోలు కోసి కుట్టేవాడు. మూడో మనిషి కొడుకు తల్లి. పాదాలు వంకరగా పుట్టిన పిల్లలకూ, ఒక కాలు పొట్టిగా ఉన్న పిల్లలకూ కొలత ప్రకారం బూట్లు చేసి పంపడం వాళ్ళ పని. పిల్లల తల్లిదండ్రుల దగ్గర కొలతలు రాబట్టడం, వాళ్ళ ప్రశ్నలకు జవాబులు రాయడం తల్లి వంతు. కంప్యూటర్లో ఒంటివేలితో కొట్టి పంపేదే అయినా ఆమె దాన్ని ఉత్తరమనే అనేది. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ, భయపడటంలో మాత్రం పట్టా పుచ్చుకున్న మనిషి.

ఎవరైనా కాగితం మీద పాదం గీసి పంపితే ఆమెకు ఒక పట్టాన నమ్మకం కుదిరేది కాదు. పొద్దున లేచినప్పటి పాదం వేరు, రోజంతా తిరిగిన పాదం వేరు. రెండు పూటలా గీసి పంపమనేది. పిల్లను నిలబెట్టి గీశారా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని గీశారా అని అడిగేది. మడమ ఎర్రబడితే వెంటనే బూటు విప్పేయమనీ, మర్నాటికి తగ్గకపోతే డాక్టరుకు చూపించమనీ ప్రతి ఉత్తరంలోనూ రాసేది. చివర "అమ్మ" అని పెట్టేది.

"వదినా, నీ ఉత్తరం చదివితే నాకే చెప్పులు తొడుక్కోవాలంటే భయమేస్తోంది" అనేవాడు కత్తెర బాబాయి.

"నీ కత్తెరకు ఆ మాత్రం భయం ఉంటే రెండు వేళ్ళకు ఆ కట్లెందుకు మరిదీ" అనేది ఆమె.

రెండు నెలల కిందట కొడుకు ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"వేరే దేశంలో ఒకమ్మాయిని పనిలో పెట్టుకున్నానమ్మా. వాళ్ళింట్లోంచే చేస్తుంది. పార్సెళ్ళ చిరునామాలు అవీ చూసుకుంటుంది. మన పనేమిటో కాస్త తెలియాలిగా, రోజూ పదకొండింటికి నీతో మాట్లాడుతుంది."

"ఊరు తెలీదు, పేరు తెలీదు. మన చిరునామాలన్నీ పట్టుకుని ఉడాయిస్తే?"

"ఉడాయించడానికి అవేమన్నా నగలా అమ్మా?"

మొదటి వారం ఆమె ఆచితూచి మాట్లాడింది. తెర మీద అమ్మాయి వెనక పెచ్చులూడిన గోడా, ఆరేసిన చంటిపిల్ల గౌనూ కనిపించేవి. మన మాటే మాట్లాడేది, కాకపోతే చివర్లు కాస్త సాగదీసేది. మూడో రోజుకే పిన్నీ అని పిలవడం మొదలెట్టింది. టీ అయిందా పిన్నీ, మోకాలి నొప్పి ఎలా ఉంది పిన్నీ అని అడిగేది. తర్వాత ఒకరోజు, "ఈ పనిలో మీకు ఏమేం భయాలున్నాయో అన్నీ చెప్పండి పిన్నీ" అంది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెతో ఊరికే భయపడకు అన్నవాళ్ళే గానీ, ఏం భయమో చెప్పు అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అంతే, కట్ట తెగిన కాలువ అయిపోయింది. పట్టీ ఎక్కడ ఒరుస్తుందో, ఏ తల్లి కొలత తగ్గించి చెబుతుందో, ఏ తండ్రి పిల్లాడు ఏడుస్తున్నా తొడిగిస్తాడో, అన్నీ చెప్పింది. పదకొండు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వైపు చూడటం అలవాటైంది.

ఒకనాడు ఎవరికీ చెప్పని సంగతి కూడా చెప్పేసింది. కొడుకు వంకర పాదంతో పుట్టాడు. నాలుగో ఏట కొత్త బూటు తొడిగి పట్టీ బిగించింది. వాడు ఏడిస్తే మొండికేస్తున్నాడనుకుని రెండు దెబ్బలు వేసింది. సాయంత్రం మేజోడు లాగితే చర్మంతో సహా ఊడి వచ్చింది. మడమ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అది ఎలా వచ్చిందో వాడికి గుర్తు లేదు. ఆమె చెప్పలేదు. తెర మీద అమ్మాయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ తర్వాత ఆమెకు వచ్చే ఉత్తరాలు తగ్గిపోయాయి. రోజుకు పది వచ్చేవి, మూడుకు వచ్చాయి. వ్యాపారం దెబ్బతిందేమో, కొడుకు తనకు చెప్పకుండా లోలోపల కుమిలిపోతున్నాడేమో అని ఆమెకు అన్నం సయించలేదు.

ఇవాళ పొద్దున పదింటికి ఫోన్ మోగింది. ఒక పిల్లాడి తల్లి.

"అమ్మా, నిన్న మీరు రాసింది చదివి మా ఇంట్లో అందరం ఏడ్చాం. మీ అబ్బాయి మడమకు అయిన పుండు, ఆ మేజోడు... ఇంకెప్పుడూ మావాణ్ణి కోప్పడను."

"నిన్న నేనేం రాయలేదే తల్లీ."

"కింద అమ్మ అని ఉందండీ."

ఫోన్ పెట్టేసి ఆమె కత్తెర బాబాయి బల్ల దగ్గరికి వెళ్ళింది. అడగకముందే అతను తల వంచుకుని తోలు సవరించడం మొదలెట్టాడు. "నీకు తెలిసే ఉంటుందనుకున్నా వదినా. నెల నుంచీ కొలతలు చాలావరకు ఆ అమ్మాయి దగ్గర నుంచే వస్తున్నాయి."

కొడుకు తన గదిలో ఉన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నా బదులు ఆ పిల్ల రాస్తోందట."

"నీకు విశ్రాంతిగా ఉంటుందనేనమ్మా. ఇప్పుడు రోజుకు అరవై ఉత్తరాలు వస్తున్నాయి. నువ్వు అందులో పదింటికి జవాబు రాసేసరికే పొద్దు వాలుతోంది. పైగా ఒక్కో ఉత్తరంలో మూడేసి భయాలు పెడతావు, జనం జడుసుకుంటున్నారు."

"మరి నా పేరెందుకు?"

"అమ్మ అంటేనే నమ్ముతున్నారు."

"ఆ పుండు సంగతి నీకెప్పుడైనా చెప్పానా?"

"లేదు. ఆ అమ్మాయి రాసి చూపించినప్పుడే తెలిసింది."

"చదివి ఏమన్నావు?"

"బాగుంది, పెట్టమన్నాను."

ముప్పై ఏళ్ళు ఆ మాట గొంతులో ముల్లులా మోసింది ఆమె. వాడు వింటే ఏడుస్తాడేమో, తనను అసహ్యించుకుంటాడేమో అని రకరకాలుగా ఊహించుకుంది. బాగుంది అంటాడన్నది మాత్రం ఆమె భయాల్లో కూడా లేదు.

పదకొండయింది. కంప్యూటర్ మోగింది. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

"టీ అయిందా పిన్నీ?"

"ఎప్పటి నుంచి తెలుసు నీకు, నా చోటికే వస్తున్నావని?"

అమ్మాయి ముఖం వాడిపోయింది. "మొదటి రోజు నుంచీ. చెప్పొద్దన్నారు. చెబితే మీరు నేర్పరన్నారు."

"పుండు సంగతి చెప్పినప్పుడు ఏడ్చావుగా."

"నిజంగానే ఏడ్చాను పిన్నీ."

"ఏడుస్తూనే రాసుకున్నావు."

ఎర్ర గుర్తు నొక్కితే తెర ఆరిపోతుందని ఆమెకు తెలుసు. వేలు అక్కడిదాకా వెళ్ళింది.

"ఒక్కటి అడుగుతాను, తర్వాత మీ ఇష్టం" అంది అమ్మాయి గబగబా. "ఒక పాపకు నిన్ననే సిమెంటు కట్టు విప్పారు. వాళ్ళమ్మ పాదం గీసి పంపింది. కట్టు విప్పిన కాలు గురించి మీరు నాకేమీ చెప్పలేదు. బాబాయిగారు మధ్యాహ్నం తోలు కోస్తారు. ఆ కొలత పంపేయనా?"

ఆమె వేలు గాలిలోనే నిలిచింది. కట్టులోంచి బయటపడ్డ కాలి మీద చర్మం పాల మీద మీగడలా ఉంటుంది. చెప్పకపోతే ఈ పిల్ల తప్పు చేస్తుంది, కొడుకు నెత్తి కొట్టుకుంటూ మళ్ళీ తన దగ్గరికే వస్తాడు. ఆ ఆలోచన తియ్యగానే ఉంది, ఒక్క క్షణం. తర్వాత పాప మడమ కళ్ళ ముందుకొచ్చింది.

"పంపకు" అంది. "ఇప్పుడా కాలు సన్నబడిపోయి ఉంటుంది. ఈ కొలతకు కుడితే కండ పట్టేసరికి బిగుసుకుపోతుంది. డాక్టరు సరే అనేదాకా బూటు మాటే వద్దు. ఆ తర్వాత రెండు పూటలా గీయించు. మడమ వెనక కుట్టు రాకూడదు, మెత్తటి తోలు ఒకే ముక్కగా వేయమను. రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"ఏదీ, చదువు."

అమ్మాయి చదివింది. ఒకచోట తప్పుంటే ఆమె దిద్దింది. తర్వాత ఎర్ర గుర్తు నొక్కింది.

వెనక గుమ్మం దగ్గర ఎవరో బిగబట్టిన ఊపిరి వదిలారు. కొడుకు ఎప్పుడొచ్చి నిలబడ్డాడో మరి.

"నువ్వు చెబుతావని నాకు తెలుసమ్మా" అన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. "తెలిసే కదరా ఇదంతా చేశావు" అంది.