మ్యాటీ కాపలా

గురువారం ఉదయం ఆరున్నరకు మా ఆయనకు బేకన్ రొట్టె పట్టుకుని తోటకు వెళ్ళేసరికి, మా అన్న ఎడ్గర్ పెంచిన లీకులు బారులు బారులుగా మెడలు తెగి మట్టిలో పడి ఉన్నాయి.

వాటికి కాపలా కాయాల్సిన మా ఆయన మ్యాటీ పక్కనే షెడ్డులో నోరు తెరుచుకుని గుర్రుపెడుతున్నాడు.

లీకు ఉల్లికాడ జాతిదే. ఇంగ్లండు ఈశాన్య తీరాన మా బ్లైత్‌లో మాత్రం మగవాళ్ళు దాన్ని కూరకని పెంచరు. మణికట్టు కంటే లావుగా పెంచి, సెప్టెంబరులో క్లబ్బులో పోటీకి పెడతారు. పోటీ శనివారం. ఆ వారమంతా ఎవరి తోటలో వాళ్ళు పడుకుంటారు, లేదా నమ్మకస్తుణ్ణి పడుకోబెడతారు. మా అన్న తన చెల్లెలి మొగుణ్ణి పడుకోబెట్టాడు.

మా అన్న ఎడ్గర్ రెన్విక్ పేరు ఆ రోజుల్లో తీరం పొడవునా తెలియని పబ్బు లేదు. ప్రతి పబ్బులోనూ జూదం మిషన్లు ఆయనవే. వద్దన్నవాడి కిటికీలు ముందు పగిలేవి, తర్వాత మోకాళ్ళు. అంతకుముందు ఏడు ఒకడు బారు దగ్గర, "ఎడ్గర్, ఇవి లీకులా, వెల్లుల్లి రెబ్బలా?" అని నవ్వినందుకు రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు.

మ్యాటీ ఆయన కుడిభుజం. ఇద్దరూ పదిహేనో ఏట ఒకే రోజు బొగ్గుగనిలోకి దిగారు, ఒకే రోజు మానేశారు. మ్యాటీ వెళితే పబ్బువాళ్ళు కుర్చీ వేసేవాళ్ళు, మా అన్న వెళితే వెనక తలుపు వెతుక్కునేవాళ్ళు. ఈ తేడా మా అన్నకు తెలుసు. నాకూ తెలుసు. తెలియనిది మ్యాటీ ఒక్కడికే.

"మ్యాటీ! లే! కొంప మునిగింది, లే!"

నాలుగుసార్లు కుదిపితే గానీ కళ్ళు తెరవలేదు. "ఏంటి డోరీన్, అప్పుడే తెల్లారిందా?" అన్నాడు, నాలుక మొద్దుబారినట్టు.

"తెల్లారింది, నీ బతుకు కూడా. బయటికొచ్చి చూడు."

చూశాడు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "టీ తాగి కూర్చున్నాను. అంతే. తర్వాత ఏమీ గుర్తులేదు. గనిలో పదేళ్ళు రాత్రి డ్యూటీ చేశాను, ఒక్కనాడు కునుకు తీశానా?"

"ఏం చెబుతావు మా అన్నకి?"

మ్యాటీ లేచి బూటు తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఏడుంబావుకి బస్సుంది. కార్లైల్‌లో మా అక్క దగ్గర ఓ నెల ఉంటాను. కోసినవాడు ఈలోగా బయటపడతాడు."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆ నిలబడడం తలుచుకోని రోజు నా బతుకులో లేదు.

"పారిపోతే నువ్వే కోశావంటారు. రేపు నేను ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా?"

"తల ఉంటే కదా ఎత్తుకోడానికి!"

"వెటకారాలు చాలు. వాడు నా అన్న. నాకు తెలీదా? అరుస్తాడు, రెండు తగిలిస్తాడు, సాయంత్రానికి నువ్వే వాడికి బీరు పోయిస్తావు."

"బావ ఎప్పుడైనా రెండు తగిలించి ఊరుకున్నాడా, డోరీన్?"

"చెల్లెలి మొగుడివి. ఊరుకుంటాడు."

ఏడుంబావు బస్సు చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. మ్యాటీ రొట్టె తింటూ బల్ల మీద కూర్చున్నాడు.

మా అన్న ఎనిమిదింటికి వచ్చాడు. వెంట డ్రైవరు లెన్. అప్పటికే కంచె పొడవునా చుట్టుపక్కల తోటలవాళ్ళు గుమిగూడారు. సగం మంది మా అన్న దగ్గర పనిచేసేవాళ్ళే. ఎవరో టోపీ తీశారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీశారు, శవం లేచిన ఇంటి ముందులాగా.

మా అన్న అరవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తెగిన లీకు ఒకటి తీసి, మట్టి దులిపి, రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"ఎవరు చేయించారు, మ్యాటీ?"

"బావా, నిద్ర పట్టేసింది. ఒట్టు. అంతకుమించి ఏమీ తెలీదు."

"నా పక్కన ఇరవై ఎనిమిదేళ్ళున్నావు."

"ఉన్నాను కాబట్టే చెబుతున్నా. నేనైతే కోయను. కోయనిచ్చేవాణ్ణీ కాదు."

నేను కంచె వైపు చూశాను. ఒక్కడైనా మ్యాటీ తరఫున నోరు విప్పుతాడేమోనని. అంతకుముందు వసంతంలో ఈ మనుషులే మ్యాటీ కోసం నిలబడ్డారు. న్యూకాజిల్ నుంచి కొందరు పెద్ద కారులో వచ్చి, డాన్సు హాళ్ళలో మత్తుమాత్రలు అమ్మిస్తే మా అన్నకు సగం వాటా అన్నారు. "మన పిల్లలే ఆ డాన్సులకెళతారు. నేనుండగా జరగదు" అన్నాడు మ్యాటీ, అందరి ముందూ. అందరూ బల్లలు చరిచారు. మా అన్న కూడా చరిచాడు.

ఇప్పుడు అదే మనుషులు మ్యాటీ బూట్ల వైపు చూస్తున్నారు. మా ఊళ్ళో తాగుబోతుని క్షమిస్తారు, పక్కవాడి పెళ్ళాంతో లేచిపోయినవాణ్ణి క్షమిస్తారు. లీకులు కోసినవాణ్ణి క్షమించరు.

"కారెక్కు," అన్నాడు మా అన్న. "క్లబ్బుకెళ్ళి కూర్చుని మాట్లాడుకుందాం."

మ్యాటీ నావైపు చూశాడు. "వెళ్ళు," అన్నాను. "చెప్పానుగా."

వెళ్ళాడు. కారు తలుపు వేసేముందు, "మధ్యాహ్నానికి ఏదైనా వండు, ఆకలేస్తోంది," అన్నాడు.

పన్నెండయింది. ఒంటిగంట అయింది. మాంసం కూర రెండుసార్లు వేడిచేశాను. చివరికి క్లబ్బుకు వెళితే అక్కడి మేనేజరు గ్లాసులు తుడుస్తూ, "పొద్దుట్నించీ ఎవరూ రాలేదమ్మా," అన్నాడు. నా మొహం చూసి ఇంకో గ్లాసు అందుకున్నాడు.

ఇంటికి వెళ్ళలేక తోటకు వెళ్ళాను. తెగినవన్నీ ఏరి బుట్టలో వేస్తూ మడి చివరిదాకా, రూబార్బ్ అనే వెడల్పాకుల పొదల వెనక్కి వెళ్ళాను.

అక్కడ మూడు లీకులు నిలబడి ఉన్నాయి. వాటి మీద చిన్న గాటు కూడా లేదు.

నేను లీకులు పెంచినవాడి కూతుర్ని. మా నాన్న ఏటా మూడింటిని పోటీకి పెట్టకుండా వదిలేసేవాడు. మరుసటి వేసవికి అవి పూతకొస్తాయి, ఆ పూత తలలోంచి గడ్డిపోచల్లా పిలకలు పుడతాయి. వచ్చే పంట, ఆ పైపంట, వంశమంతా అందులోంచే. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో దాచుకుంటున్న జాతి అది. పగవాడైతే ముందు ఆ మూడింటినే నరికేవాడు. లీకుల సంగతి తెలియనివాడు అన్నీ నరికేవాడు. మ్యాటీకి లీకుకీ ఉల్లికీ తేడా తెలియదు.

పొద్దున నేను ఇంకో పాతిక అడుగులు నడిచి ఉంటే, మ్యాటీని చేయి పట్టుకుని బస్సెక్కించేదాన్ని.

అక్కణ్ణించి మా అన్న ఇంటికి వెళ్ళాను. వంటింట్లో ఉన్నాడు. తొట్టిలో బూట్లు కడుగుతున్నాడు. నీళ్ళు నల్లగా ఉన్నాయి, బొగ్గు మసిలాగా.

"మ్యాటీ ఏడీ?"

"కూర్చో, డోరీన్."

"కూర్చోడానికి రాలేదు. రూబార్బ్ వెనక మూడు నిలబడి ఉన్నాయి. ఎవరన్నయ్యా, వచ్చే ఏడాది పంట గురించి అంత బెంగపడ్డవాడు?"

చేతిలో బ్రష్షు ఆగింది. అబద్ధమాడతాడనుకున్నాను. అబద్ధమాడితే నమ్మేద్దామని కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక. బ్రష్షు పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని, తడి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చెప్పాడు.

"నేనే కోశాను. అమ్మ నిద్రమాత్రలు టీలో కలిపి ఫ్లాస్కు నేనే ఇచ్చాను. 'బావా, నువ్వే టీ పెట్టావా, వాన పడుతుందేమో' అని నవ్వాడు. ఒక్కొక్కటీ కోస్తుంటే ఏడుపొచ్చింది, నమ్ము. ఆ మూడింటి దగ్గర చెయ్యి రాలేదు. అవి నాన్నవి. న్యూకాజిల్ వాళ్ళు తేల్చి చెప్పేశారు, మ్యాటీ ఉన్నంతకాలం బేరం లేదని. నాకు ఎన్నేళ్ళొచ్చాయి, డోరీన్? నలభై మూడు. ఇంకా పబ్బులో మిషన్లు లెక్కేసుకుంటూ బతకాలా? కానీ వాడి మీద చెయ్యేస్తే మనవాళ్ళు నన్ను బతకనిస్తారా? దొంగతనం చేశాడంటే నవ్వుతారు. పోలీసులకి మన గుట్టు చెప్పాడంటే నమ్మరు, నన్నే అనుమానిస్తారు. లీకులు కోశాడంటే మాత్రం ఒక్కడు నోరెత్తలేదు. చూశావుగా. పాత గని దగ్గరికి తీసుకెళ్ళాను. లెన్ కారు దిగనన్నాడు. నేనే చేశాను. వాడు తిడతాడనుకున్నాను, కలబడతాడనుకున్నాను. కలబడి ఉంటే బాగుండేది. వాడికి చివరిదాకా అర్థం కాలేదే! తుపాకీ చూసి కూడా, 'తప్పు నాదే బావా, నిద్రపోకుండా ఉండాల్సింది, వచ్చే ఏడు మడులన్నీ నేనే తవ్విపెడతాను' అన్నాడు."