అవునైతే ఒకటి

ఇత్తడి పిడిని కుడికి తిప్పాలి. మూడో అంతస్తు గడప కంటికి ఆనగానే వదిలెయ్యాలి. కాస్త ముందు వదిలితే లిఫ్టు గడపకి కిందే ఆగుతుంది, కాస్త ఆలస్యమైతే మీదికి పోతుంది. ఈ సంగతితో లిఫ్టు బాబాయి బుర్రకి ఎప్పుడో పని లేకుండా పోయింది, అంతా మణికట్టే చూసుకుంటుంది. ఆయన ఆపితే లిఫ్టు నేలా, అంతస్తు నేలా ఒకే చాప పరిచినట్టు కలిసిపోతాయి. ముసలివాళ్ళు చూపు దించకుండానే దిగిపోతారు.

ఆ పొద్దున మాత్రం నాలుగు వేళ్ళంత కిందే ఆగింది. ప్లీడరుగారి గుమాస్తా కాలు తట్టుకుని, ఫైళ్ళు గుండెకి హత్తుకుని నిలదొక్కుకున్నాడు.

“ఏంటి బాబాయ్, పొద్దున్నే నన్ను పడేద్దామనా?”

“చెయ్యి జారింది బాబూ. చూసుకుని దిగు.”

చెయ్యి జారలేదు. నిద్ర లేచినప్పట్నుంచీ ఆ చెయ్యి తనది కానట్టుంది, ఎవరిదో తెచ్చి భుజానికి తగిలించినట్టుంది. మెడ వెనక రాయి కట్టినట్టు బరువు.

ఆయన పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి ఒకే స్టూలు మీద ఒకే వైపు ఒరిగి కూర్చోవడంతో కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగిపోయింది. ఖాకీ చొక్కా కాలరు అరిగితే కూతురు దాన్ని విప్పి, తిరగేసి కుట్టింది. పిడి పట్టుకునే అరచేతిలో ఎంత తోమినా వదలని ఆకుపచ్చ మరక. స్టూలు పక్కన మూలగా నీళ్ళ సీసా. పొద్దున కూతురు ఎలా నింపి ఇచ్చిందో అలాగే, మూత దాకా నీళ్ళు.

ఆ సీసా ఇచ్చేటప్పుడు కూతురు చంకలో చంటిపిల్ల ఉంటుంది, నోట్లో బెదిరింపు ఉంటుంది. “నాన్నా, సాయంత్రానికి ఇది ఖాళీగా రావాలి. నిండుగా తెచ్చావంటే నీకు అన్నం పెట్టేది లేదు.” కాగితంలో చుట్టిన మాత్ర కూడా తనే ఆయన జేబులో వేసి, పైనుంచి ఒకసారి తట్టి చూస్తుంది. అల్లుడు లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో వాడికే తెలీదు. ఆ పిల్లకి ఉన్నదల్లా ఈ తండ్రీ, ఆ చంటిదీ. చంటిది మరీ కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడటం ఆమెకి అలవాటు. ఈ మధ్య అదే వేలు తండ్రి ముక్కు దగ్గరా పెడుతోంది. ఆయన మెలకువగానే ఉంటాడు. కళ్ళు తెరిస్తే పిల్ల సిగ్గుపడుతుందని నిద్ర నటిస్తాడు.

జేబులో ఫోను కుయ్యిమంది.

‘ఈ రోజు రక్తపోటు మాత్ర వేసుకున్నారా? అవునైతే 1, లేదంటే 2 నొక్కండి.’

లిఫ్టులో ఎవరూ లేరు. బాబాయి ఒకటి నొక్కాడు. కిందికి వచ్చాక కాగితం విప్పి, మాత్రని లిఫ్టుకీ గడపకీ మధ్య ఉన్న సందులో వదిలాడు. చప్పుడు వినపడదు. అయినా రోజూ చెవి రిక్కించి వింటాడు, దొంగతనం చేసినవాడిలా.

రెండో మెసేజి వెంటనే వచ్చింది. ‘శభాష్! ఇలాగే కొనసాగించండి. ఈ రోజు లిఫ్టు మానేసి మెట్లెక్కి చూడండి.’

అది చదివినప్పుడల్లా వాచ్‌మన్‌కి నవ్వాగదు. ఇవాళ కూడా బాబాయి భుజం మీదుగా తొంగిచూశాడు.

“నీకు జీతమిచ్చే లిఫ్టు ఎక్కొద్దని నీకే చెప్తారేంటి బాబాయ్? ఆరోగ్యం సంగతి దేవుడెరుగు, ముందు నీ పొట్ట కొట్టేలా ఉన్నారు.”

“వాళ్ళకేం తెలుసురా, అందరికీ ఒకటే పంపుతారు.”

“నువ్వూ అందరిలాగే ఉండొచ్చుగా. నాకూ వస్తాయి, నేను రెండు నొక్కుతా. తర్వాత ఆ నర్సమ్మ ఫోను చేసి పావుగంట తిడుతుంది. అదే నాకు వ్యాయామం.”

బాబాయి నవ్వలేదు. నర్సమ్మ పేరెత్తితే ఆయనకి నవ్వు రాదు.

ఆ క్లినిక్కు ఈ భవనంలోనే ఉంది, అన్నిటికన్నా పై అంతస్తులో. తెరిచిన మొదటి రోజున భవనంలో పనిచేసే వాళ్ళందరికీ ఊరికే బీపీ చూశారు. బాబాయి చేతికి పట్టీ చుట్టిన నర్సమ్మ అంకె చూసి మళ్ళీ చుట్టింది. తన కూతురి వయసే ఉంటుంది. మాత్రలు రాయించింది, ఫోను నంబరు మెసేజిల జాబితాలో తనే చేర్చింది. రోజూ పొద్దున ఆయన లిఫ్టులోనే పైకెళ్తుంది, సాయంత్రం ఆయన లిఫ్టులోనే దిగుతుంది. దిగుతూ పక్కన ఉన్న రోగులకి ఆయన్ని చూపిస్తుంది. “బాబాయ్‌గార్ని చూసి నేర్చుకోండి. ఒక్కరోజంటే ఒక్కరోజు తప్పలేదు. మా గోల్డ్ మెడల్ ఈయన.”

ఆ మాట విన్నప్పుడల్లా బాబాయి పిడివైపు తిరిగి, లేని దుమ్ము తుడుస్తాడు. “ఒకసారి పైకి రండి, బీపీ చూస్తా” అంటే, “లిఫ్టు వదిలి ఎలా రానమ్మా, రేపొస్తా” అంటాడు. అన్నీ ఒకట్లే పంపే మనిషిని నర్సమ్మ మాత్రం ఎంతని బతిమాలుతుంది? తొందరేముంది, రేపే చూద్దాం అనుకుంటుంది.

మొదట్లో ఆయన మాత్ర వేసుకునేవాడు. నీళ్ళ మాత్ర అన్నారు. ఒంట్లో నీరు లాగేస్తే పోటు తగ్గుతుందట. ఒంట్లో నీరు పోవడమంటే బాత్రూంకి పోవడమేనని వేసుకున్నాక తెలిసింది. బాత్రూం భవనం వెనక ఉంది. లిఫ్టు వదిలి వెళ్తే అయిదంతస్తుల్లోనూ గంటలు మోగుతాయి, మేనేజరు బయటికి వస్తాడు. బిగబట్టుకోవడం నేర్చుకున్నాడు. కిందటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి లిఫ్టు రెండంతస్తుల మధ్య నిలిచిపోయింది. లోపల టైపిస్టు అమ్మాయి, ఇద్దరు పెద్దమనుషులు, ఆయనా. ఎంతసేపటికీ కరెంటు రాలేదు. ఆయన గోడని పట్టుకుని పళ్ళు బిగించాడు. ఆ తర్వాత బిగించడానికి ఏమీ మిగల్లేదు.

కాళ్ళ మీదుగా వెచ్చగా దిగుతుంటే, ఆయన చెయ్యి దానంతటదే సీసా అందుకుంది. మూత తీసి ఒళ్ళో ఒంపేసుకున్నాడు. “అయ్యో, నీళ్ళొలికిపోయాయి” అన్నాడు. టైపిస్టు అమ్మాయి చెప్పులు కాస్త పక్కకి జరుపుకుంది, అంతే. నమ్మారో, నమ్మినట్టు ఉన్నారో ఆయనకి ఈనాటికీ తెలీదు. నమ్మలేదని తెలిసినా ఇంత నరకం ఉండేది కాదు.

మర్నాటినుంచి మాత్ర లేదు, పనివేళలో నీళ్ళూ లేవు. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు సీసాని గేటు పక్క కుండీలో ఒంపేస్తాడు. ఆ మొక్క ఏపుగా పెరిగి గోడ దాటింది. ఎవరికి చెప్పుకుంటాడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కూతురి వయసు పిల్ల దగ్గర నిలబడి ‘అమ్మా, నేను లాగూ తడుపుకున్నాను’ అని ఏ నోటితో అంటాడు? దానికన్నా ఒకటి నొక్కడం తేలిక. రోజూ నొక్కేసరికి అది బొటనవేలికీ అలవాటైపోయింది, పిడి మణికట్టుకి అలవాటైనట్టే.

మధ్యాహ్నం భోజనాల తర్వాత, వీధి చివర పూలకొట్టు పెట్టుకున్న ఆవిడ లిఫ్టెక్కింది. భారీ మనిషి. ఆమె ఎక్కితే లిఫ్టు ఒకసారి మూలిగి కుదుటపడుతుంది. వెనకే నర్సమ్మ, చేతిలో టీ ఫ్లాస్కుతో.

పూలకొట్టావిడకి గొంతు తగ్గించడం చేతకాదు. “నర్సమ్మా, ఏం మాత్రమ్మా అది? వేసుకున్న దగ్గర్నుంచి కొట్లో కూర్చుంటే ఒట్టు. దండ సగం కడతాను, పరిగెత్తుతాను. నిన్నయితే దారిలోనే చీర పాడైపోయింది. ఇక నావల్ల కాదని మానేశా. నీ మెసేజీకి రెండు నొక్కిపారేశా, కోప్పడితే కోప్పడు.”

బాబాయి చెవులు వేడెక్కాయి.

“ఎందుకు కోప్పడతాను పెద్దమ్మా?” అంది నర్సమ్మ. “రెండు నొక్కారు కాబట్టే కదా మిమ్మల్ని రమ్మన్నాను. అది చాలామందికి ఉండేదే. డాక్టరుగారికి చెప్పి వేరే మాత్ర ఇప్పిస్తాను. వేరేదాంతో ఈ బాధ ఉండదు.”

“అంతేనా?”

“అంతే.”

“నేనింకా చివాట్లు పడతాయని అన్నం కూడా సరిగ్గా తినలేదే తల్లీ.”

ఇద్దరూ నవ్వుకున్నారు. లిఫ్టు పై అంతస్తు గడప దాటి జానెడు మీదికి పోయి ఆగింది. బాబాయి తడబడి కిందికి దింపాడు. మళ్ళీ ఎక్కువ దిగింది. మూడోసారికి గాని కుదరలేదు.

“ఏంటి మా మెడల్‌కి ఇవాళ?” అని నవ్వుతూ దిగింది నర్సమ్మ.

గ్రిల్లు మూసుకున్నాక ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. అంతేనా? ఎండాకాలం నుంచి ఇప్పటిదాకా మింగలేక, కక్కలేక మోసింది ఇంత చిన్న మాటనా? ఆవిడ చీర పాడైందని పదిమంది ఎక్కే లిఫ్టులో చెప్పింది, లిఫ్టు విరిగి పడలేదు. నర్సమ్మ ముక్కు మూసుకోలేదు. పాత సిగ్గు మీదికి కొత్త సిగ్గొచ్చి కూర్చుంది. తడిపినందుకు కాదు, ఆ పిల్ల రోజూ అడుగుతుంటే రోజూ అబద్ధమాడినందుకు. ఆ పిల్ల ఆ అబద్ధాన్నే పట్టుకుని ఆయన్ని నలుగురికీ చూపించినందుకు.

కింద ఎవరూ లేనప్పుడు చొక్కా లోపలి జేబు వెతికాడు. కూతురు, ఎప్పుడైనా మర్చిపోతే ఉంటుందని, అక్కడో మాత్ర దాచి గుండీ పెట్టింది. దాన్ని నాలుక మీద పెట్టుకున్నాడు. సీసా ఎత్తడానికి కుడిచెయ్యి రాలేదు. ఎడమచేత్తో ఎత్తి, మూత పళ్ళతో తిప్పి, ఒక్క గుక్క తాగాడు. ఇవాళ పంపిన ఒకటిని ఆలస్యంగానైనా నిజం చేద్దామనుకున్నాడో ఏమో. గొంతులో చల్లగా దిగింది. పనివేళలో నీళ్ళ రుచి ఎలా ఉంటుందో ఆయన మర్చిపోయాడు.

సాయంత్రం నర్సమ్మ దిగేటప్పుడు లిఫ్టు నిండా జనం.

“అమ్మా” అన్నాడు బాబాయి. మాట కాస్త ముద్దగా వచ్చింది. “రేపు పైకొస్తాను. నీకో మాట చెప్పాలి.”

“ఇప్పుడే చెప్పండి బాబాయ్‌గారూ.”

చుట్టూ చూశాడు. గుమాస్తా ఉన్నాడు, టైపిస్టు అమ్మాయి ఉంది. “రేపు” అన్నాడు.

“తప్పకుండా రావాలి మరి. బీపీ కూడా చూస్తా.”

గేటు దగ్గర ఆమె ఆటో కోసం నిలబడింది. పైనుంచి ఎవరో ఆఖరి గంట కొట్టారు. బాబాయి వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చాడు. వాళ్ళు దిగిపోయారు. ఎవరి కాలూ గడపకి తట్టుకోలేదు.

కాసేపటికి వాచ్‌మన్ తాళాలు ఊపుకుంటూ వచ్చాడు. “బాబాయ్, ఇల్లు గుర్తుందా? నీ కూతురు నన్ను తిడుతుంది.” బాబాయి గోడకి తల ఆన్చి కూర్చుని ఉన్నాడు. చెయ్యి పిడి మీదే ఉంది. వాచ్‌మన్ రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా గేటువైపు పరిగెత్తాడు.

నర్సమ్మ వచ్చి నాడి కోసం ఆ చెయ్యి పట్టుకుంది. మొదటిరోజు పట్టీ చుట్టిన తర్వాత ఆ చెయ్యి పట్టుకోవడం ఆమెకి మళ్ళీ ఇదే. వదలడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత తన ఫోను తీసి ఆయన పంపిన జవాబులన్నీ వెనక్కి, ఇంకా వెనక్కి జరిపి చూసింది. అన్నీ ఒకట్లే. ఇవాళ్టిదీ వాటిలాగే ఉంది. రోజూ తను ఎక్కి దిగే లిఫ్టులోని మనిషి చేతికి పట్టీ చుట్టడానికి ఈ ఒకట్లు తనకి అడ్డమొచ్చాయని అనుకోగానే ఆమె తల వంగిపోయింది. వాచ్‌మన్ వైపు చూడలేకపోయింది.

కూతురు చంటిదాన్ని ఎత్తుకుని వచ్చేసరికి ఆయన్ని స్టూలు మీంచి దించి పడుకోబెట్టారు. ఆమె వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టింది. అలాగే ఉంచింది.

లిఫ్టు గడపకి వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగి ఉంది. లోపల స్టూలు పక్కన, మూలగా, నీళ్ళ సీసా. మూత వదులుగా పెట్టి ఉంది. నీళ్ళు ఒక్క గుక్క మాత్రమే తగ్గాయి.