ఆంజినమ్మ కొన్న సరంగు

ఆంజినమ్మ తన తమ్ముణ్ణి పడవ నుంచి దింపేసిన రోజు ఆమె అన్న మాటలు రిజర్వాయరు గట్టు మీద వాళ్లందరికీ వినబడ్డాయి.

"రేయ్ వెంకటరాముడూ, ఈ మోటారు పిడి నీ చేతికిచ్చేదానికంటే గాడిదకు ఇచ్చింటే మేలు. అది ముందరికన్నా చూస్తాది."

అంతకు కాసేపటి ముందే అతను ఒక చేత్తో మోటారు పిడి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, పడవను మునిగిన తుమ్మచెట్టు మీదికి ఎక్కించాడు. మోటారు రెక్క విరిగింది. వెనక లాగుతున్న రెండు గాలాల తాళ్లూ చిక్కుపడి, కోసి పారేయడానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి.

ఆంజినమ్మ చాలా కాలం కర్ణాటక సముద్రతీరాన మల్పె రేవులో చేపలు కోసే షెడ్డులో పనిచేసింది. మెరిసే రేకు కట్టిన గాలాన్ని పడవ వెనక మెల్లగా ఈడ్చుకుంటూ పోయి పెద్ద చేపను పట్టడం అక్కడే చూసింది. సోమందేపల్లె పక్కన రిజర్వాయరుకు కాలువ నీళ్లొచ్చాక ఊరికొచ్చి, చిన్న ఫైబర్ పడవ కొని వాలుగ చేపల వేటకు దిగింది. తాగడానికే నీళ్లు లేని సీమలో దీనికి పడవ కావల్సొచ్చిందా అని ఊరివాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లే ఆదివారాలు ఆమె గంప చుట్టూ మూగేవారు.

ఈ వేటలో పడవ నిదానంగా, నేరుగా పోవాలి. గాలాలు చూసే మనిషి మోటారు చూడలేదు. తమ్ముణ్ణి దింపేశాక పడవ నడిపే సరంగుగా పుల్లన్నను పెట్టుకుంది. పుల్లన్న నిద్రపోయాడు. నారాయణప్పను పెట్టుకుంది. అతను నిద్రపోలేదు గానీ నోరు మూయలేదు. మల్పెలో కొన్ని పడవలకు వాటంతటవే దారి పట్టుకునే ఆటోపైలట్ యంత్రాలు ఉండేవని ఆమెకు గుర్తొచ్చింది. బెంగుళూరు బస్సెక్కింది.

పడవ సామాన్లు అమ్మే అంగట్లో ఉదయ్ కుమార్ అనే హిందూపురం కుర్రవాడు ఎదురొచ్చాడు.

"యాడమ్మా మీ పడవ?"

"సోమందేపల్లె కాడ."

అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆడ నీళ్లుండాయా?"

"మీ అంగట్లో మర్యాద కంటే ఎక్కువే ఉండాయి. యంత్రాలు చూపీ."

అతను ముందు పెద్ద తెర ఉన్నదాన్ని తెచ్చాడు. స్టీరింగు చక్రమున్న పడవలకు అదే మంచిదన్నాడు.

"నా పడవకు చక్రమే లేదు. పెండ్లికొడుకు లేకుండా తలపాగా కొనమంటాండావా?"

రెండోది పడవ ముక్కుకు బిగించే కరెంటు మోటారు. ఉపగ్రహాలను చూసుకుని దారి పడుతుంది. అది ఆమెకు నచ్చింది. కానీ ఉదయ్ కుమారే అడ్డం చెప్పాడు. "దీనికి పెద్ద బ్యాటరీ మోసుకుపోవల్లమ్మా. నీళ్లలో గడ్డి ఉంటే చుట్టుకుంటాది."

"గడ్డికేం తక్కువ లేదు. తీసెయ్."

మూడోది మూరెడు కడ్డీ. ఒక కొన పడవ అంచుకు, ఇంకో కొన మోటారు పిడికి తగిలించాలి. లోపల దిక్సూచి ఉంది. చూపిన దిక్కు తప్పకుండా పిడిని తోస్తూ లాగుతూ ఉంటుంది.

"పక్క గాలి తోస్తే?"

"ముక్కును అదే దిక్కుకు నిలబెడతాది. పడవ పక్కకు జరిగేది మాత్రం ఆపలేదు."

"చెట్టు అడ్డమొస్తే?"

"దీనికి కండ్లు లేవమ్మా. మీరే చూసుకోవల్ల."

"మా తమ్మునికి రెండు ఉండాయి. ఏం లాభం?"

కడ్డీని పిడి నుంచి ఎంత సులువుగా ఊడదీయొచ్చో తన చేత్తోనే పదేపదే తీసి, పెట్టి చూసి, అదే కొనుక్కుంది.

యంత్రం బాగా పనిచేసింది. ఆంజినమ్మ గట్టు దగ్గర పడవ ఆపినప్పుడల్లా తమ్ముడికి వినబడేలా దాన్ని పొగిడేది. "ఫోను చూడదు, బీడీ అడగదు. అమ్మ దీన్ని కనింటే సరిపోయేది."

వెంకటరాముడు గుండ్రటి బుట్టపడవ, తన పుట్టిలో కూర్చుని వల సర్దుకుంటూ, "దానికి నాయన పోలిక రాలేదులే. నీదే వచ్చినట్టుండాది, చెప్తే వినదు," అనేవాడు.

ఆషాఢం గాలులు మొదలైన ఒక పొద్దున పెద్ద వాలుగ తగిలింది. ఆంజినమ్మ దాన్ని పడవ దగ్గరికి లాగి, కొక్కెంతో అందుకోవాలని వంగింది. అలకు పడవ ఒరిగింది. ఆమె నీళ్లలో పడింది.

తల పైకెత్తేసరికి పడవ పోతూ ఉంది. తొందర లేకుండా, వంకర లేకుండా, ఆమె చూపిన దిక్కుకే పోతూ ఉంది. తన మాట విననివాళ్లను ఆంజినమ్మ చాలామందిని చూసింది. తను చెప్పినదాన్ని ఇంత నిక్కచ్చిగా వినేదాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

చిన్నప్పుడు దిగుడుబావిలో నేర్చిన ఈత ఉంది గానీ చీర కాళ్లకు చుట్టుకుంది. ఎలాగో ఒక తుమ్మచెట్టు కొసను పట్టుకుంది. ముళ్లు అరచేతుల్లో దిగాయి. వదల్లేదు. నీళ్లంటే మొదటిసారి భయమేసింది.

పుట్టి గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. వెంకటరాముడు తెడ్డు ఆపాడు.

"ఎక్కుతావా, నీ యంత్రం తిరిగొచ్చేదాకా ఉంటావా?"

"వాగకుండా చెయ్యి ఇయ్‌రా."

అతను పైకి లాగి, తన తువ్వాలు ఆమె భుజాల మీద కప్పాడు. గట్టు చేరాక ఆమె అరచేతుల్లోని ముళ్లు తీస్తూ కూర్చున్నాడు.

పడవ అవతలి ఒడ్డు బురదలో దొరికింది. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. గాలం సాగిపోయి, చేప తప్పించుకుంది.

ఇంటికొచ్చాక ఆంజినమ్మ స్పీకరు పెట్టి ఉదయ్ కుమార్‌కు ఫోను చేసింది. "ఏమప్పా, మనిషి పడిపోయినా ఆగదని చెప్పేదానికి నీకు నోరు రాలేదా?"

"అమ్మా, మీ మోటారుకు ఎర్ర తాడు ఒకటి ఉంటాది. దాన్ని చేతికి తగిలించుకుంటే, మనిషి పడినప్పుడు క్లిప్పు ఊడి మోటారు ఆగిపోతాది. ఆ తాడు యాడుండాది?"

ఆమె తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఇంటి ముందున్న మేక వైపు చూశాడు.

"క్లిప్పు మోటారులోనే వదిలి, తాడు కోసి మేకకు కట్టమని నువ్వే అంటివి కదక్కా. గట్టిగుంటాదని."

ఆంజినమ్మ ఫోను పెట్టేసింది.

కొత్త తాడు వచ్చేదాకా పడవ తీయలేదు. వచ్చిన రోజు దాన్ని మణికట్టుకు తగిలించుకుని, "పిడి ముట్టొద్దు. ముందర కూచ్చోని రెండో గాలం చూసుకో," అని తమ్ముణ్ణి ఎక్కించుకుంది. మధ్యాహ్నానికి అతని గాలానికి చెయ్యంత పొడవు వాలుగ పడింది.

"తలే ఉండాది, కండ లేదు," అంది ఆంజినమ్మ.

ఆ రాత్రి పులుసులో పెద్ద ముక్కలు ఏరి అతని కంచంలోనే వేసింది. అతను తిని, ఉప్పెక్కువైందన్నాడు.

"అయితే ఇంకింత సంగటి పెట్టుకో. తినేటప్పుడన్నా నోరు మూసుకో," అంది.